నా కంటి జబ్బు

దాదాపు ఆరు నెలల పాటు మా ఊరంతా నాకు కళ్లు పాడయ్యాయని నమ్మింది. ఆ నమ్మకం కలిగించింది మా అత్తగారు. దాన్ని పోగొట్టిందీ ఆవిడే. ఈ రెండు పనులకీ మధ్య నేను తిన్న పొన్నగంటి కూర ఇంతా అంతా కాదు.

ఇది తొంభైల చివరి మాట. మా అత్తవారి ఊరు పర్చూరుకి ఏడెనిమిది కిలోమీటర్లు. నేను పుట్టి పెరిగింది పిడుగురాళ్లలో. మా నాన్న సున్నపు బట్టీల దగ్గర గుమాస్తా. మా ఇంట్లో బల్ల మీద వేలు పెట్టి రాస్తే అక్షరాలు పడేవి, అంత తెల్లటి దుమ్ము. పెళ్లయి ఇటు వచ్చేసరికి నల్లరేగడి, పత్తి, మిరప, కాస్త పొగాకు. నాకు ఆ రంగులు నచ్చాయి. డిగ్రీ చదివానని తెలిశాక ఊళ్లో దరఖాస్తులూ ఉత్తరాలూ రాయించుకోవడానికి మా ఇంటికే వచ్చేవాళ్లు. మామగారు నా పెళ్లికి ముందే పోయారు. ఇంట్లో నేను, మా ఆయన, అత్తగారు. ఆవిడ గొంతు విప్పితే రెండు వీధుల అవతల గేదె తల తిప్పేది. నాకు మొదట్లో భయంగా ఉండేది. తర్వాత తెలిసింది, ఆవిడ కోపంగా లేనప్పుడు కూడా అంతేనని.

పాప పుట్టిన ఐదో నెలలో పుట్టింటి నుంచి వచ్చాను. పాప బాగుంది. నేనే బాగాలేను. అన్నం కలుపుకుని, ముద్ద చేతిలో పెట్టుకుని అలాగే కూర్చునేదాన్ని. పాప ఏడిస్తే పక్కింట్లో ఎవరి పిల్లో ఏడుస్తున్నట్టు వినిపించేది. తల దువ్వుకోవడం నా వల్ల కాని పని అయిపోయింది. ఒంట్లో జ్వరం లేదు, నొప్పి లేదు. ఏమైందని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

చుట్టుపక్కల వాళ్లు తలా ఒకటి చెప్పారు. ఒకావిడ దిష్టి అంది. ఎర్రనీళ్లు తిప్పి పోశారు. ఇంకొకావిడ గాలి సోకిందంది. తాయెత్తు కట్టారు. మా ఆయన బలానికని టానిక్కు తెచ్చాడు. టానిక్కు రుచి బాగానే ఉండేది. అంతకుమించి ఏమీ జరగలేదు. నేను లేకపోతే వీళ్లందరికీ హాయిగా ఉంటుంది కదా అన్న ఆలోచన మాత్రం చుట్టపుచూపుగా వచ్చి, ఇక కదలకుండా మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం వసారాలో నిలబడి ఉన్నాను. మూలన పురుగుమందు డబ్బాలు ఉండేవి. ఆ రోజుల్లో మా వైపు ఏ రైతు ఇంట్లోనైనా అలాగే ఉండేవి, ఉప్పు జాడీ ఉన్నట్టు. నేను వాటివైపే చూస్తున్నానని నాకు తెలియలేదు. మా అత్తగారికి తెలిసింది.

ఆవిడ పాపని ఉయ్యాల్లో పడుకోబెట్టి, ఆ డబ్బాలన్నీ ఒక్కొక్కటే తీసుకెళ్లి పశువుల పాక వెనక కొట్లో పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. తర్వాత వచ్చి నా పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఏమే, చచ్చిపోవాలనిపిస్తోందా?" అంది.

మజ్జిగ పోసుకుంటావా అని అడిగినంత మామూలుగా అడిగింది. అదేం మాట అత్తయ్యా అని కసురుకుందామనుకున్నాను. నా నోట్లోంచి "ఊ" అని వచ్చింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. ఎన్ని నెలలైందో నాకు ఏడుపొచ్చి. ఆవిడ నన్ను ఊరుకోమనలేదు. తప్పమ్మా అనలేదు. కళ్లు పోతాయనీ అనలేదు. పమిట చెంగు నా చేతిలో పెట్టి కూర్చుంది.

నా ఏడుపు సగానికి వచ్చాక తన సంగతి చెప్పింది. ఆవిడకి ఒక చెల్లెలు ఉండేదనీ, చిన్నతనంలోనే కడుపునొప్పితో పోయిందనీ నేను విన్నాను. చుట్టాలందరూ అదే చెబుతారు.

"దానికి కడుపులో నొప్పి లేదు, ఏం లేదు. రెండో కాన్పు తర్వాత నీలాగే గోడకేసి చూస్తా కూర్చునేది. నాకు అనుమానం వచ్చింది. అడుగుదామనుకున్నా. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుద్దేమోనని నోరు మూసుకున్నా. అది పోయాక కడుపునొప్పి అని చెప్పమన్నారు పెద్దోళ్లు. చెప్పా. పాతికేళ్లుగా చెబుతానే ఉన్నా."

అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

నన్ను గుంటూరులో మనసు డాక్టరుకి చూపిద్దామని మర్నాడు మా ఆయనతో అంది. ఆయన మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "పిచ్చి డాక్టరు దగ్గరికా? ఎవరన్నా చూస్తే?"

"చూస్తే ఏమైద్ది? పిల్ల పోతే అందరూ వచ్చి చూస్తారు. అది బాగుంటదా?" అంది మా అత్తగారు. ఆయన మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. "పొద్దున మొదటి బస్సుకి పోదాం" అన్నాడు.

అంత ధైర్యంగా మాట్లాడిన మా అత్తగారే, బస్సు ఎక్కబోతుంటే ఎవరో ఎక్కడికని అడిగేసరికి తడబడింది. "అమ్మాయికి కళ్లు సరిగా కనబడట్లా. గుంటూరులో చూపిద్దామని" అంది. అలా మొదలైంది నా కంటి జబ్బు.

చిలకలూరిపేటలో బస్సు మారి గుంటూరు చేరాం. డాక్టరు గారి బోర్డు మీద మానసిక వైద్యులు అని పెద్ద అక్షరాలతో ఉంది. అది చూసి మా ఆయన ఎదురుగా ఉన్న కిళ్లీ కొట్టు దగ్గర ఆగి ఒక సోడా తాగాడు. బోర్డు అక్కడే ఉంది. ఇంకో సోడా తాగాడు. చివరికి మా అత్తగారు పాపని చంకనేసుకుని ముందు నడిస్తే వెనకాల మేమిద్దరం వెళ్లాం. లోపల బెంచీ మీద మా పక్క ఊరి మోతుబరి ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన మమ్మల్ని చూశాడు, మేం ఆయన్ని చూశాం. వెంటనే అందరం గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాం. ఆ సంవత్సరం ఏకాదశులన్నీ నాకు నోటికొచ్చేశాయి.

డాక్టరు గారు సన్నగా ఉన్నారు. తొందరలేని మనిషి. నేను చెప్పిందంతా విన్నారు. నేను చెప్పలేకపోయినది మా అత్తగారు చెబితే అదీ విన్నారు. "ఇది జబ్బమ్మా. కాన్పు తర్వాత కొంతమందికి వస్తుంది. మీరు చేసిన తప్పు కాదు, ఎవరి దిష్టీ కాదు. తగ్గుతుంది. కాస్త టైం పడుతుంది" అన్నారు. పాపకి పాలిస్తున్నానా అని అడిగి, దానికి సరిపడే మందులు రాశారు. ఆ "తగ్గుతుంది" అన్న మాటని నేను మడిచి దాచుకున్నట్టు బస్సులో దారంతా తలుచుకుంటూ వచ్చాను.

మా అత్తగారు అంత తేలిగ్గా లేవలేదు.

"పథ్యం ఏందండీ? వంకాయ తినొచ్చా?"

"తినొచ్చమ్మా."

"గోంగూర?"

"తినొచ్చు."

"ఊరగాయ కూడానా?" ఆవిడకి ఆ డాక్టరు మీద నమ్మకం సడలుతున్నట్టు కనిపించింది. పథ్యం లేని మందు మందేనా అని ఆవిడ అనుమానం. డాక్టరు గారు నవ్వి, "వేళకి తినాలి, వేళకి పడుకోవాలి. మందు మధ్యలో ఆపకూడదు. అదే పథ్యం" అన్నారు. అప్పుడు శాంతించింది.

తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. "ఇంకోటండీ. చచ్చిపోవాలనుందా అని మనిషిని అడగొచ్చా? అడిగితే ఆ ఆలోచన పుట్టదా?"

"అడగొచ్చు. అనుమానం వస్తే అడగాలి కూడా. అడిగినందువల్ల కొత్తగా పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది. మీరు అడిగారు కాబట్టే ఈ అమ్మాయి ఇవాళ ఇక్కడికొచ్చింది."

మా అత్తగారు తల ఊపింది. చిలకలూరిపేట వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. ఎవరి గురించి తలుచుకుంటోందో నాకు తెలుసు.

నెలకోసారి గుంటూరు ప్రయాణం. ఊరు ఊరుకుంటుందా? కళ్లకి మంచిదని ఇంటింటి నుంచి పొన్నగంటి కూర రావడం మొదలైంది. పప్పులో వేసినది, వేపుడు చేసినది, పెరుగుపచ్చడి. ఒక ముసలాయన సూర్యుణ్ణి చూస్తూ చెయ్యాల్సిన దండాలు నేర్పాడు. ఇన్నిసార్లు గుంటూరు వెళ్లినా కళ్లద్దాలు ఇవ్వలేదేమని పక్కింటావిడకి అనుమానం వచ్చింది. దాంతో మా ఆయన బస్టాండు దగ్గర పవరు లేని కళ్లజోడు ఒకటి కొన్నాడు. అది పెట్టుకుంటే నేను హెడ్‌మిస్ట్రెస్‌లా ఉండేదాన్ని. ఎవరైనా సూదిలో దారం ఎక్కించమంటే ముందు రెండుసార్లు కావాలని తప్పించి, మూడోసారి ఎక్కించేదాన్ని. "ఫర్లా, గుణం కనబడుతోంది" అనేవాళ్లు.

గుణం నిజంగానే కనబడింది. సంక్రాంతి దాటేసరికి పాప నవ్వితే నాకు నవ్వొస్తోంది. ఒకరోజు చారులో ఉప్పు తక్కువైందని మా ఆయన మీద ఎగిరాను. చారు పెట్టింది నేనే. అయినా ఆయన ఏమీ అనకుండా, కోడలికి కోపమొచ్చిందని వాళ్లమ్మకి సంబరంగా చెప్పాడు.

మిరపకాయల కాలం వచ్చింది. మా కల్లంలో కాయలు ఎండబోశాం. పదిమంది ఆడవాళ్లు కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. నేనూ కళ్లజోడు పెట్టుకుని వాళ్లలో కూర్చున్నాను. పర్చూరు నుంచి గాజుల మలారం ఎత్తుకుని ఊళ్లు తిరిగే ముస్లిం ఆవిడ ఒకామె ఉండేది. మా వైపు వార్తలన్నీ ఆమె దగ్గరే దొరికేవి. ఆ రోజు వచ్చి, మలారం దించి, మంచినీళ్లు తాగి, పక్క ఊళ్లో ఒక కొత్త కోడలు చనిపోయిన సంగతి చెప్పింది. 

"కడుపునొప్పి ఓర్చుకోలేక అంటున్నారమ్మా. పాపం, చిన్నపిల్ల."

"అయ్యో, కడుపునొప్పంట" అని అందరూ అన్నారు. చేతులు మళ్లీ కాయల్లో పడ్డాయి.

మా అత్తగారు చేతిలో గంప కిందికి పడేసింది.

"ఏం కడుపునొప్పే! మా చెల్లెలికీ అదే కడుపునొప్పి. మీ బాబాయికీ అదే కడుపునొప్పి" అని ఒకావిడ వైపు చూసింది. "మనూళ్లో ఇంతమందికి కడుపులో నొప్పొస్తే ఒక్కళ్లనన్నా కడుపు డాక్టరుకి చూపించామా? అది మనసులో నొప్పి. పైకి చెప్పుకోడానికి సిగ్గేసి కడుపు మీదికి నెట్టాం."

అందరూ ఆగిపోయారు. ఆవిడ అక్కడితో ఆగలేదు.

"నేను మాత్రం తక్కువ తిన్నానా? అప్పుడు కడుపన్నా, ఇప్పుడు కళ్లంటున్నా. మా కోడలి కళ్లకి ఏం కాలా. సుబ్బరంగా కనబడతై. కాన్పయ్యాక దానికి మనసు బాగోలా. చచ్చిపోవాలనిపించింది. గుంటూరులో మనసు డాక్టరుకి చూపిస్తన్నాం. మందులు వాడతంది. తగ్గింది. ఇదిగో, మీ ముందే కూర్చుని కాయలేరతంది. పిచ్చిదాన్లా ఉందా?"

పదిమందీ నా వైపు చూశారు. భూమిలోకి పోదామన్నా కింద మిరపకాయలున్నాయి. ఏం చెయ్యాలో తోచక కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

పక్కింటావిడ నోరు విప్పింది. "మరి నేను నెల్లాళ్లు తెచ్చిపోసిన పొన్నగంటి కూరో?"

ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. నేనే అయి ఉండొచ్చు. మిరపకాయల ఘాటుకి దగ్గులూ తుమ్ములూ తోడై, ఆ నవ్వు ఒక పట్టాన ఆగలేదు. నవ్వులు తగ్గాక గాజులావిడ నా చెయ్యి పట్టుకుని, గాజుల కొలత చూస్తున్నట్టు నటిస్తూ, "మా రెండో అమ్మాయి కూడా ఇట్టాగే ఉందమ్మా. ఆ డాక్టరుది ఏ వీధి?" అని అడిగింది.

అంతా ఇలాగే సాఫీగా జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. కొన్ని ఇళ్ల వాళ్లు దరఖాస్తుల కోసం నా దగ్గరికి రావడం మానేశారు. ఒక పేరంటంలో నేను ఒకరి చంటిదాన్ని ఎత్తుకోబోతే వాళ్లమ్మమ్మ చప్పున లాక్కుంది. ఆ రోజు ఇంటికొచ్చి మళ్లీ ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన పరువు పోయిందని వారం రోజులు తల్లితో మాట్లాడలేదు. ఆవిడకి ఆ సంగతి నాలుగో రోజుకి గానీ తెలియలేదు. ఆయన అసలే మితభాషి.

కానీ మధ్యాహ్నం పూట, వీధిలో జనం పల్చబడ్డాక, ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చేవాళ్లు. పంచదార అప్పు అడగడానికి వచ్చి, పంచదార మర్చిపోయి, నిద్ర పట్టట్లేదని చెప్పుకునేవాళ్లు. మా అత్తగారు ఏ మొహమాటమూ లేకుండా అడగాల్సింది అడిగేది. ఇంట్లో పురుగుమందు ఎక్కడుందో కనుక్కుని, తాళం వేయించేది. అవసరమైతే వాళ్లతో బస్సెక్కేది. ఆపలేకపోయిన వాళ్లు కూడా ఉన్నారు. పొగాకు రైతు ఒకాయన ముందురోజే మా అరుగు మీద కూర్చుని వానల గురించి మాట్లాడి వెళ్లాడు. మేం అడగలేదు. ఆయన పోయినప్పుడు మా అత్తగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. కడుపునొప్పి అని మాత్రం ఎవర్నీ అననివ్వలేదు.

ఇలా ఒక్కొక్కళ్లని తీసుకెళ్లే బదులు డాక్టరునే ఊరికి పిలిస్తే ఏమని ఆవిడకి తోచింది. రెండు వేలు దాటిన తొలి ఏళ్లలో ఒక ఆదివారం ఆయన మా స్కూలుకి వచ్చారు. ఆరోగ్య సభ అని రాయిద్దామన్నారు స్కూలు హెడ్మాస్టరు గారు. మా అత్తగారు ఒప్పుకోలేదు. "మనసు జబ్బుల మీటింగు అనే రాయండి. మళ్లీ ఇంకో అబద్ధం మొయ్యలేను" అంది.

ఆడవాళ్లు బాగానే వచ్చారు. మగవాళ్లు మాత్రం లోపలికి రాకుండా ప్రహరీగోడ పక్కన, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు. ఆదివారం ఆ వేళకి మా ఊరికి బస్సే లేదు. డాక్టరు గారు మైకులో చెప్పి, ఏమైనా అడగండి అంటే ఒక్కరూ లేవలేదు. అప్పుడు నేను నోటుపుస్తకం కాగితాలు చింపి పంచాను. పేరు రాయక్కర్లేదు, సుద్దముక్కల డబ్బాలో వేస్తే నేను పైకి చదువుతానని చెప్పాను. గోడ పక్కకి కూడా ఒక పిల్లాడితో కాగితాలు పంపాను.

డబ్బా నిండింది. ఒక్కో చీటీ తీసి చదువుతున్నాను. అన్నీ "మా చుట్టాల్లో ఒకరికి" అనే మొదలయ్యాయి. మా చుట్టాల్లో ఒకరికి నిద్ర పట్టదు. మా చుట్టాల్లో ఒకరు పరీక్ష తప్పి నెల నుంచి గదిలోంచి బయటికి రావడం లేదు. ఆ చుట్టాలందరికీ డాక్టరు గారు ఓపిగ్గా జవాబు చెప్పారు.

ఏడో ఎనిమిదో చీటీ తీశాను. అందులో చుట్టాలు లేరు.

"నా భార్యకు ఈ జబ్బు వచ్చి తగ్గినది. మళ్లీ వచ్చునేమో అని నాకు భయం. చేలో ఉన్నా ఇంటి మీదే ధ్యాస. ఈ సంగతి ఆమెకు చెప్పవలెనా, కూడదా? ఎవరికి చెప్పుకోవలెను?"

ఆ దస్తూరీ నాకు తెలుసు. మా ఆయన ఎప్పుడు ఏది రాసినా సొసైటీ బ్యాంకుకి అర్జీ రాసినట్టే రాసేవాడు. మిగతా చీటీల్లాగే చదివాననుకున్నాను. మా అత్తగారు మాత్రం నా మొహం చూసి, తల తిప్పి మగవాళ్లు నిలబడిన గోడ వైపు చూసింది.

డాక్టరు గారు అన్నారు, "ఇది రాసినాయన ఎవరో గానీ, ముందు ఆమెకే చెప్పండి. మీ భయం వల్ల ఆమెకేమీ కాదు. మీరు దాచుకుని తిరిగితేనే ఆమెకి అర్థం కాక ఇబ్బంది. మళ్లీ వస్తే ఏ గుర్తులు కనబడతాయో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మీక్కూడా కష్టంగా ఉంటే మీరూ రండి. మగవాళ్లు రాకూడదని బోర్డు మీద రాయలేదు." గోడ పక్కన సన్నగా నవ్వులు వినబడ్డాయి.

మీటింగయ్యాక పాపని వాళ్ల నానమ్మకి అప్పజెప్పి, మా ఆయనా నేనూ చేలగట్టు మీదుగా నడిచి వచ్చాం. పత్తి పూత మీద ఉంది. సగం దారిలో ఆయన ఆగాడు.

"చీటీ చదివావుగా" అన్నాడు.

"చదివాను."

"బాగానే రాశానా?"

"చివర్లో ఇట్లు తమ విధేయుడు అని పెట్టడం మర్చిపోయారు" అన్నాను.

నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ గట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. నా పెదవి చప్పరింపు దగ్గర్నుంచి, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోవడం దాకా, తను ఏమేం చూసి భయపడతాడో అన్నీ చెప్పాడు. అన్నీ గమనిస్తున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఏవి భయపడాల్సినవో, ఏవి ఊరికే నా అలవాట్లో నేను చెప్పాను. చీకటి పడకముందే ఇంటికి చేరాం.

రెండేళ్ల తర్వాత బాబు పుట్టాడు. ఈసారి ముందే డాక్టరు గారికి చెప్పి ఉంచాం. మూడో నెలలో ఒకరోజు అన్నం సయించలేదు. ఆ సంగతి ఆ పూటే మా ఆయనకి చెప్పాను. ఆయన మర్నాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గరికెళ్లాడు. నీళ్లు పెట్టడానికి చేలోకి పోవాల్సిన రోజు అది. అక్కడ తన జతగాళ్లతో ఏమన్నాడో తర్వాత గాజులావిడే వచ్చి నాకు చెప్పింది. ఆ సమయానికి ఆమె అక్కడ టీ తాగుతోంది.

"ఒరేయ్, ఇవాళ నేను చేలోకి రాను. మా ఆవిడకి మళ్లీ కొంచెం దిగులుగా ఉంది. గుంటూరు తీసుకుపోవాలి" అన్నాడట.

"సరే, నీ చేలో నీళ్లు నేను పెడతాలే, నువ్వు పో" అన్నాడట ఒకతను. ఇంకొకతను, చిలకలూరిపేట దాకా తన మోటారు సైకిలు ఇస్తానన్నాడట. ఆ తర్వాత వాళ్లు మిరప రేటు గురించి మాట్లాడుకున్నారట.